అడిగితే చెబుతాం: ఫ్యామిలీ ప్లాన్ నుంచి సొంత కనెక్షన్‌కి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం: ఇంట్లో అందరికీ కలిపి తీసుకున్న ఫోన్ ప్లాన్ నుంచి బయటికి రావడం ఎలా అని. పాఠకులు వేర్వేరు దేశాల నుంచి అడిగారు కాబట్టి, నిబంధన మారే చోట అది ఏ దేశానిదో కూడా చెప్పాం.

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచీ నా నంబర్ నాన్నగారి పోస్ట్‌పెయిడ్ ఫ్యామిలీ ప్లాన్‌లో యాడ్-ఆన్‌గా ఉంది. ఇప్పుడు ఉద్యోగం వచ్చింది, నా బిల్లు నేనే కట్టుకుందామని. నంబర్ మాత్రం మారకూడదు. మొదట ఏం చేయాలి?

మొదట ఆ నంబర్ ఎవరి పేరున ఉందో చూడండి. ఇన్నేళ్లుగా మీరే వాడుతున్నా, ఫ్యామిలీ ప్లాన్‌లో సాధారణంగా ఖాతాదారు ఒక్కరే ఉంటారు. మిగతావాళ్లంతా ఆపరేటర్ లెక్కలో వాడుకునేవాళ్లు మాత్రమే. బిల్లు మొదటి పేజీలోనో, ఆపరేటర్ యాప్‌లోని ప్రొఫైల్‌లోనో పేరు కనిపిస్తుంది. భారత్‌లో ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. సంచార్ సాథీ అనే కేంద్ర టెలికాం శాఖ పోర్టల్‌లో మీ నంబర్‌తో, ఓటీపీతో లాగిన్ అయితే, ఆ నంబర్ ఎవరి పేరున ఉందో వారి పేరు మీదున్న కనెక్షన్ల జాబితా వస్తుంది. అందులో ఇంట్లోవాళ్ల నంబర్లన్నీ కనిపించాయంటే మీ నంబర్ కూడా నాన్నగారి పేరునే ఉన్నట్టు.

భారత్‌లో దీన్ని ముందు తేల్చుకోవాల్సిందే. పోర్ట్ చేస్తే, అంటే అదే నంబర్‌తో వేరే కంపెనీకి వెళ్తే, ఆపరేటర్ మారతాడు గానీ కనెక్షన్ యజమాని మారరు. కాబట్టి నాన్నగారి పేరున ఉన్న నంబర్‌ని ముందుగా ఇప్పుడున్న ఆపరేటర్ దగ్గరే మీ పేరుకి మార్పించుకోవాలి. రక్తసంబంధీకుల మధ్య ఈ మార్పుకు అనుమతి ఉంది. ఇద్దరి గుర్తింపు పత్రాలు, ఇచ్చేవారి సమ్మతి పత్రం అడుగుతారు. ఆపరేటర్ సొంత స్టోర్‌కి ఇద్దరూ కలిసి వెళ్తే పని తేలిగ్గా అవుతుంది. పేరు మార్పు పూర్తయ్యాకే పోర్ట్ అడగండి. మార్పు నడుస్తుండగా అడిగితే తిరస్కరిస్తారు, నిబంధనల్లోనే అలా ఉంది.

ఆ తర్వాత పోర్ట్ కష్టం కాదు. ఆ సిమ్ నుంచే ఇంగ్లీషులో పోర్ట్ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, పది అంకెల నంబర్ రాసి 1900కి ఎస్‌ఎంఎస్ పంపాలి. ఎనిమిది అక్షరాల యూపీసీ కోడ్ (పోర్ట్ చేయడానికి ఇచ్చే అనుమతి కోడ్) వస్తుంది. అది 4 రోజులే చెల్లుతుంది (జమ్మూ కశ్మీర్, అస్సాం, ఈశాన్య సర్కిళ్లలో, అంటే టెలికాం ప్రాంతాల్లో, 30 రోజులు). ఆ గడువులోగా కొత్త ఆపరేటర్ దగ్గర కోడ్, గుర్తింపు పత్రం ఇచ్చి సిమ్ తీసుకోవాలి. అదే సర్కిల్ అయితే 3 పనిదినాలు, వేరే సర్కిల్ అయితే 5 పనిదినాలు గడువు. కోడ్ రాకపోతే కారణం సాధారణంగా ఈ మూడింట్లో ఒకటి: ఈ ఆపరేటర్ దగ్గర చేరి 90 రోజులు నిండలేదు, గడువు దాటిన బిల్లు బాకీ ఉంది, లేదా గత 7 రోజుల్లో సిమ్ మార్చారు. చివరిది 2024 జులై 1 నుంచి వచ్చిన నిబంధన. రెండోది ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్నవాళ్లని ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. బిల్లు ఒకటే కదా, మీ వంతు మీరు నాన్నగారికి ఇచ్చేసినా ఆయన కట్టకపోతే బాకీ బాకీనే.

అమెరికాలో పద్ధతి వేరు. అక్కడ పాత ఖాతా నంబర్, నంబర్ ట్రాన్స్‌ఫర్ పిన్, బిల్లింగ్ చిరునామాలోని జిప్ కోడ్ కొత్త కంపెనీకి ఇవ్వాలి. పిన్ పుట్టించేది ఖాతాదారు గాని, ఆయన అనుమతి ఇచ్చినవారు గాని. కొత్త ఖాతా మీ పేరున తెరుస్తారు కాబట్టి పేరు మార్పు విడిగా చేయనక్కర్లేదు. బ్రిటన్‌లో అయితే ఆ ఫోన్ నుంచి ఇంగ్లీషులో పీఏసీ (అక్కడి పోర్ట్ కోడ్ పేరు) అని 65075కి సందేశం పంపితే నిమిషంలోపు కోడ్ వస్తుంది, 30 రోజులు చెల్లుతుంది. 2019 జులై 1 నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది.

ప్రశ్న: పోర్ట్ అడిగేముందు పాత కనెక్షన్ మూసేయాలా? మూసేస్తేనే బిల్లు ఆగుతుందని మా అక్క అంటోంది.

మూయకండి. పోర్ట్ అయ్యేది పనిచేస్తున్న నంబర్ మాత్రమే. పోర్ట్ పూర్తయ్యాక పాత ఆపరేటర్ దగ్గర ఆ లైన్ దానంతటదే మూతపడుతుంది. ఇప్పటికే మూసేసి ఉంటే వెంటనే పాత ఆపరేటర్‌నే అడగండి. నంబర్ ఇంకెవరికీ ఇవ్వకముందు తిరిగి తెరిచే అవకాశం ఉంటుంది. భారత్‌లో మూతపడిన నంబర్‌ని కనీసం 90 రోజుల వరకు వేరేవాళ్లకి కేటాయించరు. అలాగని 90 రోజులూ మీకోసమే దాచి ఉంచుతారని కాదు, ఆలస్యం చేయకండి.

ప్రశ్న: నలుగురం కలిసి ఉన్న ప్లాన్‌లో నా వంతు కన్నా బయట దొరికే ప్లాన్ చవగ్గా ఉంది. మారితే లాభమే కదా?

మీ జేబు వరకే చూస్తే లాభమే. ఇంటి మొత్తం మీద లాభమో కాదో ఇంకో లెక్క వేస్తే గాని తెలియదు. ఫ్యామిలీ ప్లాన్‌లో మొదటి లైన్ ఖరీదు, చివరి లైన్ చవక. ఉదాహరణకి నలుగురికీ కలిపి బిల్లు 100 అనుకోండి. తలా 25. మీరు వెళ్లిపోతే ముగ్గురి బిల్లు 75 అవుతుందనుకుంటారు. చాలా ప్లాన్లలో అది 85, 90 దగ్గర ఆగుతుంది. 90 దగ్గర ఆగిందనుకుంటే, మీవల్ల తగ్గింది 10 మాత్రమే. మీరు బయట 18కి ప్లాన్ తీసుకుంటే మీకు 7 మిగిలింది, ఇంటికి 8 అదనంగా పడింది, మిగిలిన ముగ్గురూ తలా 30 కడుతున్నారు.

కాబట్టి 'ఒక లైన్ తీసేస్తే వచ్చే బిల్లు ఎంత అవుతుంది?' అని ఆపరేటర్‌ని సూటిగా అడగండి. పన్నులు, సినిమా యాప్‌ల సభ్యత్వాలు, ఆటోపే తగ్గింపు కలిపి చెప్పమనండి. కొన్ని ప్లాన్లలో లైన్లు ఒక సంఖ్య కన్నా తగ్గితే ఆ ఉచిత సభ్యత్వమే పోతుంది.

ఇదంతా చెప్పినా, డబ్బు కోసమే ఉండిపోమని మా సలహా కాదు. నంబర్ మీ పేరున ఉండటానికి ఉన్న విలువ ఈ లెక్కలోకి రాదు. అదేమిటో వచ్చే జవాబులో ఉంది.

ప్రశ్న: నేను ఎవరితో మాట్లాడుతున్నానో ఖాతాదారుకి తెలుస్తుందా?

కొంతవరకు. వివరమైన బిల్లులో మీరు చేసిన కాల్ ఏ నంబర్‌కి, ఎప్పుడు, ఎంతసేపు అన్నది ఉంటుంది. ఎస్‌ఎంఎస్‌లో ఏం రాశారో ఉండదు. వాట్సాప్ కాల్ అయితే వాడిన డేటా లెక్కలో కలిసిపోతుంది, నంబర్ కనిపించదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి ఉంది. సిమ్ పోయిందని చెప్పి డూప్లికేట్ సిమ్ తీసుకునే హక్కు ఖాతాదారుది. ఆ సిమ్ ఎవరి చేతిలో ఉంటే బ్యాంకు ఓటీపీలు వాళ్ల దగ్గరికి పోతాయి. ఇంట్లోవాళ్ల మీద అనుమానం అక్కర్లేదు. ఖాతాదారు యాప్ పాస్‌వర్డ్ ఎవరైనా మోసగాడి చేతిలో పడినా ఇదే జరుగుతుంది. సంపాదించేవాళ్ల నంబర్ వాళ్ల పేరునే ఉండాలని మేం అనేది ఇందుకే.

ప్రశ్న: నా ఫోన్‌ని ప్లాన్‌తో పాటు 36 వాయిదాల్లో 'ఉచితంగా' ఇచ్చారు. 20 అయ్యాయి. ఇప్పుడు వెళ్లిపోతే?

ఆ 'ఉచితం' ఎలా పనిచేస్తుందో చూడండి. ఫోన్ ధరని 36 వాయిదాలుగా విడదీసి బిల్లులో వేస్తారు. అంతే మొత్తాన్ని ప్రతినెలా తగ్గింపుగా చూపిస్తారు. లైన్ వెళ్లిపోగానే తగ్గింపు ఆగిపోతుంది, వాయిదాలు ఆగవు. మిగిలిన 16 వాయిదాలు పూర్తి ధరకి కట్టాలి, చాలాచోట్ల ఒకేసారి. ఆ బిల్లు వచ్చేది మీకు కాదు, ఖాతాదారుకి. ఇంట్లో గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ఒప్పందంలో మిగిలిన బాకీ ఎంతో అంకెతో సహా తెలుసుకుని, ఎవరు కడతారో ముందే మాట్లాడుకోండి.

అదే కంపెనీలో విడిగా ఖాతా తెరిచి లైన్‌ని అందులోకి మార్చుకుంటే, వాయిదాలూ తగ్గింపూ వెంట వచ్చే అవకాశం ఉంటుంది. దీన్ని బాధ్యత మార్పు అంటారు. మీ క్రెడిట్ (అప్పులు తీర్చిన చరిత్ర) చూసి ఒప్పుకుంటారు. వాయిదాలు సగం కూడా కాకపోతే ఇదే మంచి దారి.

లాక్ విషయం కూడా చూసుకోండి. వాయిదాల మీద ఇచ్చిన ఫోన్‌ని కంపెనీ తన నెట్‌వర్క్‌కే కట్టేసి ఉండొచ్చు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌కి వెళ్లి క్యారియర్ లాక్ అన్న చోట 'నో సిమ్ రిస్ట్రిక్షన్స్' అని ఉంటే లాక్ లేనట్టే. ఆండ్రాయిడ్‌లో వేరే ఆపరేటర్ సిమ్ వేసి చూడటమే నమ్మకమైన పరీక్ష. అన్‌లాక్ అడగడానికి 15 అంకెల ఐఎంఈఐ (ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య) కావాలి. *#06# డయల్ చేస్తే తెర మీదకి వస్తుంది. లైన్ ఉండగానే అన్‌లాక్ చేయించుకోండి, వెళ్లిపోయాక పాత కంపెనీతో మాట్లాడటం కష్టం. బ్రిటన్‌లో 2021 డిసెంబరు నుంచి మొబైల్ కంపెనీలు లాక్ చేసిన ఫోన్లు అమ్మకూడదు.

ప్రశ్న: పోర్ట్ రెండుసార్లు తిరస్కరించారు. కారణం అడిగితే 'వివరాలు సరిపోలలేదు' అంటున్నారు తప్ప ఏ వివరమో చెప్పడం లేదు.

అమెరికా తరహా పద్ధతిలో ఎక్కువగా తప్పేది ఖాతా నంబర్. చాలామంది ఫోన్ నంబర్‌నే ఖాతా నంబర్ అనుకుని రాస్తారు. అది వేరు, బిల్లు పైన ఉంటుంది. ప్రీపెయిడ్ అయితే బిల్లే ఉండదు, యాప్‌లో వెతకాలి లేదా కస్టమర్ కేర్‌ని అడగాలి. తర్వాతిది పిన్. యాప్‌లోకి లాగిన్ అయ్యే పిన్, వాయిస్‌మెయిల్ పిన్, ట్రాన్స్‌ఫర్ పిన్ మూడూ వేర్వేరు. ట్రాన్స్‌ఫర్ పిన్‌కి గడువు కూడా ఉంటుంది. ముందురోజు తీసినది మర్నాటికి పనిచేయకపోవచ్చు, కొత్త సిమ్ చేతికి వచ్చాకే పిన్ తీయండి. జిప్ కోడ్ మీరుండే చోటిది కాదు, ఖాతాదారు బిల్లు వెళ్లే చోటిది. వేరే ఊళ్లో ఉన్న పిల్లలు తప్పు చేసేది ఇక్కడే.

ఇవన్నీ సరిగా ఉన్నా ఆగిపోతే నంబర్ లాక్ చూడండి. నంబర్ దొంగతనాలు పెరిగాక, ఖాతాదారు అనుమతి లేకుండా నంబర్ బయటికి పోకుండా ఆపే మీట ఒకటి ఆపరేటర్ల యాప్‌లలో పెట్టారు. అది ఖాతాదారు లాగిన్‌లో ఉంటుంది, మీ లాగిన్‌లో కనిపించకపోవచ్చు.

బాకీ ఉందని నంబర్ ఆపుతామంటే అమెరికాలో చెల్లదు. బాకీ వసూలు చేసుకోవచ్చు గాని, పోర్ట్ ఆపకూడదని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధన. భారత్‌లో దీనికి పూర్తిగా వ్యతిరేకం, పైన చెప్పాం.

ప్రశ్న: కొత్త సిమ్ నుంచి కాల్స్ వెళ్తున్నాయి, కానీ కొందరు చేసిన కాల్స్ రావడం లేదు. ఓటీపీలు అసలే రావడం లేదు. సిమ్ పాడైందా?

సిమ్ పాడవలేదు. నంబర్ ఏ నెట్‌వర్క్‌లో ఉందో చెప్పే ఉమ్మడి పట్టిక ఒకటి ఉంటుంది. మీకు ఫోన్ చేసేవారి ఆపరేటర్ ఆ పట్టికని, లేదా తన దగ్గరున్న దాని నకలుని చూసి కాల్ ఎటు పంపాలో నిర్ణయిస్తాడు. నకళ్లన్నీ ఒకే క్షణంలో మారవు. మారని ఆపరేటర్ నుంచి వచ్చే కాల్ ఇంకా పాత నెట్‌వర్క్ తలుపే తడుతుంది. ఎస్‌ఎంఎస్‌ల దారి వేరు, అది ఇంకా ఆలస్యంగా సర్దుకుంటుంది. బ్యాంకుల తరఫున ఓటీపీలు పంపించే సంస్థలు మరీ ఆలస్యం.

పాత సిమ్‌ని పారేయకుండా రెండో స్లాట్‌లోనో వేరే ఫోన్‌లోనో ఉంచండి, అది పూర్తిగా మూగబోయేదాకా కొన్ని కాల్స్ దానికే రావచ్చు. ఫోన్ ఒకసారి ఆపి ఆన్ చేయండి. ఒక రోజు దాటినా కొందరి కాల్స్ రాకపోతే, వాళ్లందరిదీ ఒకే ఆపరేటరేమో చూడండి. అలా అయితే ఆ పేరు, కాల్ చేసిన సమయం రెండు మూడు ఉదాహరణలతో కొత్త ఆపరేటర్‌కి ఫిర్యాదు చేయండి. 'కాల్స్ రావడం లేదు' అని మాత్రం చెబితే ఫోన్ రీస్టార్ట్ చేయమని చెప్పి పెట్టేస్తారు. 'ఫలానా నెట్‌వర్క్ నుంచి రావడం లేదు' అంటే సాంకేతిక విభాగానికి పంపుతారు.

కాల్స్ బాగానే ఉండి ఇంటర్నెట్ మాత్రం రాకపోతే అది వేరే సమస్య. ఫోన్‌లో పాత ఆపరేటర్ ఏపీఎన్ (ఇంటర్నెట్‌కి దారి చూపే సెట్టింగ్) మిగిలిపోయి ఉంటుంది. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ నేమ్స్‌కి వెళ్లి రీసెట్ చేస్తే చాలావరకు సరిపోతుంది.

ప్రశ్న: మారే రోజున బ్యాంకు, వాట్సాప్ విషయంలో జాగ్రత్తలు ఏమిటి?

నంబర్ అదే ఉంటే వాట్సాప్‌లో మార్చాల్సింది ఏమీ లేదు. మార్చే రోజున యాప్ తీసేసి మళ్లీ వేయడం మాత్రం వద్దు. ఓటీపీ రాని గంటల్లో మళ్లీ రిజిస్టర్ చేయలేరు. ఐఫోన్‌లో ఐమెసేజ్‌ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయాల్సి రావచ్చు. బ్యాంకు పనులు, టికెట్లు, ఆఫీసు లాగిన్ లాంటివి ఆ రోజుకి పెట్టుకోకండి. ముఖ్యమైన ఖాతాలకు ఓటీపీ బదులు ఆథెంటికేటర్ యాప్ (ఫోన్‌లోనే లాగిన్ కోడ్ చూపించే యాప్) వాడే వీలుంటే ముందే పెట్టుకోండి. వాయిస్‌మెయిల్‌లో దాచుకున్న సందేశాలు కొత్త ఆపరేటర్ దగ్గరికి రావు, కావలసినవి ముందే ఫోన్‌లోకి సేవ్ చేసుకోండి.

ఈ-సిమ్ (కార్డు లేకుండా, క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఫోన్‌లోకి ఎక్కించే సిమ్) తీసుకుంటే వై-ఫై దగ్గర ఉండండి. ఆ క్యూఆర్ కోడ్ చాలావరకు ఒక్కసారే పనిచేస్తుంది. సగంలో ఆగిపోయిందని ప్రొఫైల్ డిలీట్ చేస్తే కొత్త కోడ్ అడగాల్సిందే.

పోర్ట్ కోడ్‌నీ పిన్‌నీ ఫోన్‌లో ఎవరడిగినా చెప్పకండి, 'మీ ఆపరేటర్ నుంచి మాట్లాడుతున్నాం' అన్నా సరే. కోడ్ ఎవరి చేతిలో ఉంటే నంబర్ వాళ్ల చేతిలో ఉన్నట్టే.

ప్రశ్న: సెల్యులార్ వాచ్ కూడా ప్లాన్‌లో ఉంది. అది?

ఫోన్ ఏ ఆపరేటర్‌దో వాచ్ కూడా ఆ ఆపరేటర్‌దే ఉండాలి. నంబర్ ఒకటే రెండింట్లో మోగాలంటే ఖాతా కూడా ఒకటే కావాలి. వాచ్ లైన్ పోర్ట్ అవదు, పాతది రద్దు చేయించి కొత్త దగ్గర మళ్లీ పెట్టుకోవాలి. రద్దు చేయించకపోతే దాని చార్జీ ఇంటి బిల్లులో పడుతూనే ఉంటుంది. చవక ప్లాన్లు అమ్మే చాలా సంస్థలు వాచ్‌కి కనెక్షన్ ఇవ్వవు, ముందే అడగండి.

ప్రశ్న: పెద్ద కంపెనీ టవర్లనే వాడుకునే చిన్న కంపెనీ సగం ధరకి ఇస్తోంది. టవర్ ఒకటే అయినప్పుడు తేడా ఏముంటుంది?

సిగ్నల్‌లో ఉండదు, రద్దీలో ఉంటుంది. టవర్ మీద ఒత్తిడి పెరిగినప్పుడు సొంత ఖాతాదారుల డేటాని ముందు పంపి, మిగతా సంస్థలవాళ్లది తర్వాత పంపే ఏర్పాటు సాధారణం. ఖాళీ వేళల్లో తేడా తెలియదు. సాయంత్రాలు, స్టేషన్లలో, జనం గుమిగూడిన చోట నాలుగు గీతల సిగ్నల్ ఉండి కూడా వీడియో ఆగిపోతుంది. నంబర్ పోర్ట్ చేసేముందు వాళ్ల ఈ-సిమ్‌ని ఒక నెలకి రెండో లైన్‌గా వేసుకుని, మీరు నిజంగా ఫోన్ వాడే చోట, వాడే వేళల్లో చూడండి. మీ ఫోన్ ఆ నెట్‌వర్క్‌లో వోల్టీఈ (4జీ మీద వెళ్లే) కాల్స్ చేయగలదో లేదో కూడా అప్పుడే తేలిపోతుంది. 3జీ మూసేసిన చోట్ల వోల్టీఈ కుదరని ఫోన్‌లో ఇంటర్నెట్ వస్తుంది గాని కాల్ వెళ్లదు.

ప్రశ్న: ఖాతాదారుని నేనే. మిగతా ముగ్గురినీ వదిలి నేను బయటికి రావాలి.

మీ నంబర్‌ని ముందు పోర్ట్ చేయకండి. ప్రధాన లైన్ పోతే, దాని కింద ఉన్న లైన్ల ప్లాన్ మారిపోవచ్చు, కొన్నిచోట్ల ఆగిపోవచ్చు. మొదట ప్రధాన స్థానాన్ని ఇంకొకరికి మార్పించండి. ఆటోపే కార్డు, బిల్లు ఈమెయిల్, వాయిదాల ఒప్పందాలు కూడా వారి పేరుకి మారాయని ఒక బిల్లు వచ్చేదాకా ఆగి చూడండి. ఆ తర్వాతే మీరు కదలండి. పేరు మార్చకుండా వదిలేస్తే, ఆ నంబర్లు ఎవరు దేనికి వాడినా కాగితం మీద జవాబుదారు మీరే.

ప్రశ్న: భర్త ప్లాన్‌లో ఉన్నాను. ఇల్లు వదిలి వచ్చేశాను. అతనికి చెప్పకుండా నా నంబర్, పాప నంబర్ తీసుకోవచ్చా? (అమెరికా నుంచి)

తీసుకోవచ్చు. గృహహింస వల్ల వచ్చేసి ఉంటే, 2022 డిసెంబరులో వచ్చిన సేఫ్ కనెక్షన్స్ చట్టం సరిగ్గా ఇందుకే. గృహహింస బాధితులు అడిగితే, వాళ్ల లైన్‌నీ, వాళ్ల సంరక్షణలో ఉన్నవాళ్ల లైన్‌నీ ఉమ్మడి ఖాతా నుంచి పూర్తి దరఖాస్తు అందిన 2 పనిదినాల్లో విడదీయాలి. ఖాతాదారు అనుమతి అడగకూడదు, జరిమానా వేయకూడదు. పోలీసు నివేదిక, కోర్టు ఉత్తర్వు, లేదా వైద్యులు, సామాజిక కార్యకర్త ఇచ్చిన పత్రం లాంటిది ఒకటి జతచేయాలి. అవతలి వ్యక్తికి ఎప్పుడు తెలియజేస్తారో కంపెనీ మీకు ముందే చెప్పాలి, ఆ తేదీ అడిగి రాసుకోండి.

ఈ దరఖాస్తు ఆ ఫోన్ నుంచి చేయకండి. వేరే ఫోన్, వేరే ఈమెయిల్ వాడండి. ఫోన్‌లో లొకేషన్ షేరింగ్, ఉమ్మడి ఆపిల్ లేదా గూగుల్ ఖాతా ఉందేమో చూడండి. లైన్ విడిపోయినంత మాత్రాన అవి ఆగవు. నంబర్ అతనికి తెలిసినదే కాబట్టి, ఫోన్ వస్తుందన్న భయం ఉంటే కొత్త నంబర్ తీసుకోవడమే మేలు.

ప్రశ్న: నేను వెళ్లిపోయిన నెలలో కూడా ఇంటి బిల్లులో నా లైన్ చార్జీ పూర్తిగా పడింది. ఇది సరైనదేనా?

చాలా ఆపరేటర్లు మధ్యలో వెళ్లినవారికి మిగిలిన రోజుల డబ్బు తిరిగివ్వరు, కాబట్టి ఆ ఒక్క నెలకి సరైనదే కావచ్చు. అందుకే బిల్లింగ్ చక్రం ముగియడానికి నాలుగైదు రోజుల ముందు పోర్ట్ మొదలుపెట్టమంటాం. చివరిరోజుదాకా ఆగితే ఒక్క తిరస్కరణతో ఇంకో నెల మీద పడుతుంది. రెండో నెల బిల్లులో కూడా మీ లైన్ ఉంటే అది పొరపాటే. పోర్ట్ పూర్తయినట్టు కొత్త ఆపరేటర్ పంపిన సందేశాన్ని, దాని తేదీని చూపించి వెనక్కి అడగమని ఖాతాదారుకి చెప్పండి. ఫిర్యాదు ఆయనే చేయాలి, మీ మాట వాళ్లు వినరు. ఫోన్ బీమా, రోమింగ్ ప్యాక్, అదనపు డేటా లాంటివి మీ లైన్ మీద విడిగా తీసుకుని ఉంటే, అవి కూడా ఆగాయో లేదో ఆ బిల్లులోనే వరసవారీగా చూడమనండి.